నీలి కాంతిలో తేలిన అంచు: మెదడు ఆపరేషన్, నా అనుభవం

2025 ఆగస్టు 11, సోమవారం. పదో తరగతి పిల్లలకు రక్త ప్రసరణ పాఠం చెబుతున్నాను. ఎడమ చేతిలో ఉన్న పుస్తకం జారి కింద పడింది. వంగి తీసుకోబోతే వేళ్లు నా మాట వినలేదు. బొటనవేలు దానంతట అదే కొట్టుకోవడం మొదలుపెట్టి, ఆ కదలిక మణికట్టుకూ, అక్కడి నుంచి మోచేతికీ పాకింది. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత భయపడ్డారు. రెండు నిమిషాల్లో అంతా సర్దుకుంది కానీ, జూన్ నుంచి వస్తున్న తలనొప్పికి కళ్లద్దాలు మార్చుకుని ఊరుకున్న నాకు ఇది కళ్లద్దాల వ్యవహారం కాదని ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

ఆ సాయంత్రమే ఖమ్మంలో సీటీ స్కాన్, మర్నాడు మందు ఎక్కించి తీసే ఎం.ఆర్.ఐ. రెండింటికీ కలిపి 12,300 రూపాయలు అయ్యాయి. కుడివైపు ముందు భాగంలో, ఎడమ చేతిని కదిలించే చోటుకు ఆనుకుని 4.1 సెంటీమీటర్ల గడ్డ ఉందని రిపోర్టులో రాశారు. 14వ తేదీ గురువారం హైదరాబాదులో న్యూరోసర్జన్‌ను కలిశాము. ఆయన ఫిల్మును వెలుతురుకు పట్టి చాలాసేపు మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దమే మా వారికి సగం జబ్బు చెప్పేసింది.

"చూడటానికి హై గ్రేడ్ గ్లయోమాలా, అంటే వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్‌లా ఉందమ్మా, బయాప్సీ వచ్చేదాకా ఖాయంగా చెప్పలేను" అన్నారాయన. ఈ జాతి గడ్డకు పొలానికి ఉన్నట్టు గట్టు ఉండదనీ, మధ్యలో ముద్దగా కనిపించినా అంచుల్లో మామూలు మెదడులోకి కలిసిపోతుందనీ, మైక్రోస్కోపు కింద తెల్లని కాంతిలో చూసినప్పుడు ఎక్కడ ఆపాలన్నదే అన్నిటికంటే కష్టమైన నిర్ణయమనీ వివరించారు. ఇరవై రెండేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నదాన్ని కాబట్టి నాకు వెంటనే రొట్టెకు పట్టిన బూజు గుర్తొచ్చింది. పైకి పచ్చగా కనిపించినంత మేరే బూజు కాదు, దాని పోగులు లోపల ఎంత దూరం పోయాయో కంటికి ఆనదు.

ఆ అంచును కంటికి ఆనేలా చేయడానికి ఒక మందు ఉందని అప్పుడు చెప్పారు. పేరు ఫైవ్ ఏఎల్ఏ, పూర్తి పేరు అమైనో లెవులినిక్ ఆమ్లం. ఆ పేరు వినగానే ఉలిక్కిపడ్డాను, ఎందుకంటే అది నాకు కొత్తది కాదు. మన రక్తానికి ఎర్ర రంగునిచ్చే హీమ్ తయారయ్యే దారిలో మొదటి మెట్లలో అదొకటి. మొక్కల్లో పత్రహరితం తయారయ్యేదీ ఆ మెట్టు మీదుగానే. ఆపరేషన్‌కు కొన్ని గంటల ముందు దాన్ని నోటితో తాగిస్తే, ఇలాంటి గడ్డ కణాల్లో ప్రోటోపార్ఫిరిన్ అనే పదార్థం పేరుకుంటుంది, మామూలు మెదడు కణాల్లో దాదాపు పేరుకోదు. మైక్రోస్కోపులో 400 నానోమీటర్ల ప్రాంతపు నీలి ఊదా కాంతి వేస్తే అది పేరుకున్న చోటల్లా ఎర్రగా వెలుగుతుంది, మిగిలిన మెదడు నీలంగా ఉండిపోతుంది. బోర్డు మీద రాసి చెప్పిన విషయం నా తలలోకే వచ్చి కూర్చుంటుందని ఎవరనుకుంటారు?

ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి ఆ రాత్రే దాని మీద పరిశోధనలు వెతికింది. జర్మనీలో వాల్టర్ స్టుమ్మర్ బృందం 322 మంది మీద చేసిన అధ్యయనం 2006లో లాన్సెట్ ఆంకాలజీ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఈ మందుతో చేసినవారిలో 65 శాతం మందికి ఎం.ఆర్.ఐ.లో మెరిసే గడ్డ మొత్తం తీయగలిగారు, మామూలు కాంతిలో చేసినవారిలో 36 శాతం మందికే. ఆరు నెలల తర్వాత గడ్డ మళ్లీ పెరగకుండా ఉన్నవారు 41 శాతం, 21 శాతం. అమ్మాయి ఇవన్నీ ఉత్సాహంగా చదివి వినిపించి, తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయింది. నేనే ఫోను తీసుకుని చదువుకున్నాను. బతికిన కాలం విషయంలో రెండు గుంపుల మధ్య స్పష్టమైన తేడా తేలలేదని ఉంది. ఈ మందును అద్భుతంగా వర్ణించేవాళ్లు ఈ వాక్యాన్ని కూడా చెప్పాలని నా అభిప్రాయం. నేను మాత్రం అది చదివిన తర్వాతే సరేనన్నాను.

మందు ఆసుపత్రిలో నిల్వ ఉండదు, ముందే డబ్బు కట్టి తెప్పించుకోవాలి. ఒక సీసాలో ఒకటిన్నర గ్రాముల పొడి ఉంటుంది, మాకు పడిన ధర 98,000 రూపాయలు. కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు కాబట్టి 75 కిలోల వరకు ఒక సీసా చాలు, అంతకు మించితే రెండో సీసా విప్పాల్సిందే. నేను 58 కిలోలు. లావు తగ్గమని అందరూ పోరుతుండే మా వారు మాత్రం 81 కిలోలు. ఆ గడ్డ నాకు రావడం వల్ల లక్ష మిగిలిందని ఆయన ఆసుపత్రి క్యాంటీన్లో జోకు వేసి, తర్వాత తనే ఏడ్చారు.

మూడు పని దినాల్లో వస్తుందన్న మందు రాలేదు. 15 స్వాతంత్ర్య దినం, 16 కృష్ణాష్టమి, 17 ఆదివారం. 20వ తేదీకి అనుకున్న ఆపరేషన్ వాయిదా పడింది. తలలో అలాంటి వస్తువును పెట్టుకుని కొరియర్ కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో రాయడం నా వల్ల కాదు. వాపు తగ్గడానికి డెక్సామెథాసోన్, ఫిట్స్ రాకుండా లెవిటిరాసిటం వేసుకుంటున్నాను. మొదటిది నిద్రను మింగేసి ఆకలిని రెట్టింపు చేసింది. అర్ధరాత్రి రెండింటికి లేచి పెరుగన్నం తినేదాన్ని. పరగడుపు షుగరు 190కి పెరిగింది.

మందు అందకపోతే ఏమిటని అడిగాను. ఫ్లోరసీన్ వాడతామన్నారు. కంటి డాక్టర్లు రెటీనా పరీక్షకు నరానికి ఎక్కించే పసుపు రంగు మందే అది, ధర కొన్ని వందల్లోనే ఉంటుంది. మైక్రోస్కోపుకు వేరే ఫిల్టరు పెడితే గడ్డ పసుపుపచ్చగా వెలుగుతుంది. కాకపోతే అది గడ్డ కణాలను గుర్తుపట్టి వాటిలో చేరేది కాదు, రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే గోడ దెబ్బతిన్న చోటల్లా కారుతుంది. మా వారికి షుగరు ఉంది కనుక ఏటా ఆ కంటి పరీక్ష చేయించుకుంటారు, ఆ రోజంతా మూత్రం చిక్కటి పసుపు రంగులో వస్తుంది. "అదేనా ఇంత పెద్ద ఆపరేషన్‌లో వాడేది!" అని ఆయన ఆశ్చర్యపోయారు. చాలా చోట్ల దానితోనే చక్కగా చేస్తున్నారని సర్జన్ చెప్పారు. డబ్బుకు ఇబ్బందిగా ఉన్నవాళ్లు మొహమాటపడకుండా ఈ మాట అడగాలి. నేను అడిగి ఉండకపోతే ఆయనంతట ఆయన చెప్పేవారో లేదో.

22వ తేదీ శుక్రవారం సీసా వచ్చింది. 25న చేరాను. ఆ సాయంత్రం మత్తు డాక్టరు అడిగిన ప్రశ్నలు నేను ఊహించినవి కావు. మీ ఇంట్లో ఎవరికైనా పార్ఫిరియా అనే జబ్బు ఉందా? ఎండ తగిలితే చర్మం మీద పొక్కులు వస్తాయా? ఈ మధ్య ఏ యాంటీబయోటిక్ వాడారు? పది రోజుల కిందట మూత్రంలో మంటకు సిప్రోఫ్లాక్సాసిన్ వాడానని చెప్పాను. కోర్సు ఎప్పుడు పూర్తయిందో తేదీతో సహా రాసుకున్నారు, ఎందుకంటే ఆ రకం మందులు కూడా చర్మాన్ని వెలుతురుకు సున్నితం చేస్తాయట, రెండూ కలవకూడదు. లివర్ పరీక్ష కూడా మళ్లీ చేశారు.

రాత్రి ఎనిమిదింటికి సర్జన్ వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎర్రగా వెలిగిన ప్రతి ముక్కా తీయడానికి వీలుండకపోవచ్చని చెప్పారు. చేతిని కదిలించే చోటును కరెంటు తాకించి కనిపెడుతూ పోతామనీ, వేళ్లు కదిలిన చోట ఎర్రగా ఉన్నా ఆపాల్సి రావచ్చనీ అన్నారు. నేను ధైర్యం నటించి, "రాసేది కుడి చేత్తోనే కదండీ, ఎడమ చెయ్యి పోతే పోనివ్వండి" అన్నాను. ఆయన నవ్వలేదు. "జడ వేసుకునేది ఒక చేత్తోనా టీచరమ్మా? బస్సెక్కేది ఒక చేత్తోనా?" అన్నారు. ఆ రాత్రి జడ మళ్లీ విప్పి, మళ్లీ అల్లుకున్నాను.

26, మంగళవారం. ఉదయం ఆరింటికి సిస్టర్ పొడిని 50 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, నా బరువుకు సరిపడా 38.7 మిల్లీలీటర్లు సిరంజితో కొలిచి చిన్న కప్పులో పోసి ఇచ్చింది. లక్ష రూపాయల పానీయం రెండు గుక్కలు. పుల్లగా ఉంది, నాలుక మీద కాస్త వగరు మిగిలింది. కప్పు గోడలకు అంటుకున్నది కూడా వృథా కానీయవద్దని, మరో చెంచాడు నీళ్లు పోసి తొలిచి అవీ తాగించింది. అరగంట కడుపులో తిప్పింది కానీ వాంతి కాలేదు. వాంతి అయితే ఏం చేస్తారన్న భయంతో కదలకుండా కూర్చున్నాను.

తాగిన మరుక్షణం నుంచి గది మారిపోయింది. కర్టెన్లు దించారు, ట్యూబులైటు ఆర్పి ఒక్క చిన్న బల్బు ఉంచారు, చేతులు దుప్పటి కింద పెట్టుకోమన్నారు. యూరప్‌లో 24 గంటలు, అమెరికాలో 48 గంటలు వెలుతురు తగలకుండా చూడాలని మందు కాగితంలో ఉంటుందనీ, తమ దగ్గర 48 గంటలే పాటిస్తామనీ చెప్పారు. తొమ్మిదింటికి థియేటరుకు తీసుకెళ్లాలి. అంతకు ముందే ఒక యాక్సిడెంటు కేసు వచ్చి థియేటరు ఖాళీ కాలేదు. మత్తుకు రెండు నుంచి నాలుగు గంటల ముందు తాగాలన్న లెక్క నాకు తెలుసు. తొమ్మిదిన్నర, పది, పదింబావు. నా గుండె చప్పుడు నాకే వినిపించింది. సర్జన్ స్వయంగా వచ్చి, వెలుగు బాగా తేలేది తాగిన ఆరు గంటలు దాటాకే కాబట్టి ఈ కాస్త ఆలస్యం వల్ల నష్టం లేదని చెప్పేదాకా నా లక్ష కరిగిపోతున్నట్టే అనిపించింది. పదీ నలభైకి ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి తోసుకెళ్లారు. దారిలో నేను చూసింది ఆ గుడ్డ నేత మాత్రమే.

తర్వాతి ఆరున్నర గంటలు నావి కావు.

కళ్లు తెరిచేసరికి ఐ.సి.యు.లో ఒక మూల, చుట్టూ తెర. ఎడమ చేతికి ఆజ్ఞ ఇచ్చాను, భుజం కదిలింది, వేళ్లు కదల్లేదు. అప్పుడు కలిగిన భయం ఫిట్స్ వచ్చిన రోజు కూడా కలగలేదు. సర్జన్ వచ్చి, ఆ భాగాన్ని తాకాము కనుక కొన్నాళ్లు ఇలా ఉంటుందనీ, కింది నరాల దారి చివరిదాకా పనిచేస్తూనే ఉందని మానిటర్ చూపించిందనీ చెప్పారు. నమ్మడం తప్ప నేను చేయగలిగింది లేదు. కనుపాపలు చూడటానికి గంటగంటకూ టార్చి వేసేవారు. వెలుతురు పడకూడదన్నారు కదా అని అడిగితే, ఆ ఒక్క క్షణానికి పరవాలేదన్నారు.

మర్నాడు వినాయక చవితి. కింద వీధిలో మండపం మైకు ఉదయం నుంచే మొదలైంది. చవితి చంద్రుణ్ని చూస్తే నీలాపనిందలు తప్పవంటారు కదా, రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టర్, మెదక్ వైపు అమ్మాయి, తెర సర్దుతూ "ఆంటీ, ఈసారి మీరు చంద్రుణ్నే కాదు, సూర్యుణ్ని కూడా చూడొద్దు" అంది. కుట్లు లాగినా నవ్వాను.

ఆమె ఆ మాట అనేసరికే సూర్యుడి పని అయిపోయింది. ఆపరేషన్ తర్వాత 48 గంటల్లోపు ఎం.ఆర్.ఐ. తీయాలి, లేకపోతే మామూలు గాయపు మార్పులకూ మిగిలిన గడ్డకూ తేడా తెలియదట. స్కానింగు గది వేరే భవనంలో ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు, కొత్తగా వచ్చిన వార్డుబాయ్ నన్ను అద్దాల వరండా మీదుగా తోసుకెళ్లాడు. ముఖం మీద గుడ్డ ఉంది, కుడి చెయ్యి మాత్రం సెలైన్ కోసం బయటే ఉంది. లిఫ్టు కోసం నాలుగైదు నిమిషాలు ఆగాము. సాయంత్రానికి మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రగా కమిలి, పొయ్యి సెగ తగిలినట్టు మండింది. గాజుల కింద ఉన్న చోట మాత్రం తెల్లటి గీత మిగిలింది. రెండు రోజులు చల్లటి గుడ్డ వేశాక తగ్గింది. పక్కన ఉండేవాళ్లు ఒక్క పని చేయండి: రోగిని ఎక్కడికి తీసుకెళ్తున్నా చేతుల మీద కూడా దుప్పటి ఉందో లేదో మీరే చూసుకోండి.

లివర్ రిపోర్టు నాలుగో రోజున పెరిగింది, ఎస్‌జీపీటీ 28 నుంచి 96కు వెళ్లింది. ఇది ఈ మందుతో జరిగేదేనన్నారు, రెండు వారాల్లో మామూలైంది. ఎడమ చేతి చూపుడు వేలు ఆరో రోజున, సెప్టెంబరు 1న, ఇంటికి పంపే ముందు కదిలింది. గుప్పిట బిగించడానికి ఇంకో వారం పట్టింది. తల మొత్తం గొరగలేదు, ఒక పట్టీ మేర మాత్రమే తీశారు. గాయాన్ని మూయడానికి వేసిన 31 పిన్నులను 6వ తేదీన తీశారు. ఒక్కో పిన్ను పళ్లెంలో పడుతున్న చప్పుడు నేను లెక్కపెట్టాను, 30 దాకానే వచ్చింది, మళ్లీ వెతికించాను.

9వ తేదీన సర్జన్ కంప్యూటరులో వీడియో చూపించారు. చూడగలనా అని ముందే అడిగారు, చూస్తానన్నాను. మొదట తెల్లని కాంతి: తడిగా, గులాబీ బూడిద రంగుల్లో మెదడు, గడ్డ తీసిన గుంత. ఆ గుంత గోడలు శుభ్రంగా, ఒకే తీరుగా కనిపించాయి. నేనైతే ఇక్కడితో పని అయిపోయిందనుకునేదాన్ని. ఆయన మీట నొక్కిన క్షణానికి తెర చీకటై నీలంగా మారింది, ఆ నీలంలో గుంత అడుగున, పక్క గోడకు, ఊదితే రాజుకున్న కుంపట్లో బొగ్గుల్లా ఎర్రటి మచ్చలు. వాటి చుట్టూ ఇంకా పలచగా, తాంబూలం నమిలిన పెదవి రంగులో ఒక అంచు. రక్తం బొట్టు పడితే ఆ ఎరుపు మాయమవుతుంది, తుడిస్తే మళ్లీ వస్తుంది. నీలి కాంతిలో రక్తస్రావాన్ని ఆపడం కష్టం కనుక తెలుపుకూ నీలానికీ మధ్య మార్చుకుంటూ పనిచేస్తారు. పై పొరలో ఉన్నదే వెలుగుతుంది, మడత కింద దాగింది వెలగదు. గడ్డ నడిమధ్య చచ్చిపోయిన భాగం కూడా వెలగదు.

చివర్లో ఒక చోట కెమెరా ఆగింది. వేలిగోరంత మేర, లేత ఎరుపు. దాని పక్కన కరెంటు కొన తాకగానే నా వేళ్ల కండరాల గీత మానిటరు మీద ఎగిరింది. సర్జన్ చేతిలోని పరికరం అక్కడే కాసేపు ఉండి వెనక్కి వచ్చింది.

"ఇది వదిలేశానమ్మా" అన్నారు.

విచిత్రమేమిటంటే 27వ తేదీ ఎం.ఆర్.ఐ. రిపోర్టులో మిగిలిన గడ్డ ఏమీ లేదనే ఉంది. ఈ ఎరుపు ఎం.ఆర్.ఐ.లో మెరిసే హద్దు దాటి బయటికి కూడా వెలుగుతుందట. కాగితం ప్రకారం నాలో ఏమీ లేదు. నేను చూశాను కాబట్టి ఉందని నాకు తెలుసు. చాలా రాత్రులు, ఈ మందు తాగకుండా ఉంటే ఆ రిపోర్టు చదువుకుని హాయిగా నిద్రపోయేదాన్ని కదా అనిపించింది. పొద్దున్నే రెండు చేతులతో చీర కుచ్చిళ్లు పెట్టుకుంటున్నప్పుడు మాత్రం ఆ గోరంత ముక్క మీద కోపం ఉండదు.

పూర్తి బయాప్సీ 12న వచ్చింది. గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ 4. ఎం.జి.ఎం.టి. అనే జన్యువు మీద చేసిన పరీక్ష మాత్రం కీమో మాత్రలు బాగా పనిచేసే వైపు వచ్చింది. ఆ రోజు గురించి ఇంతకంటే రాయను. సెప్టెంబరు 29న రేడియేషన్ మొదలైంది, మొత్తం 30 సిట్టింగులు, 60 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), దానితోపాటు రోజూ టెమోజొలమైడ్ మాత్ర. ప్లానింగు రోజున డాక్టరమ్మను ఆ వదిలేసిన ముక్క ఎక్కడుందని అడిగాను. తెర మీద గీసిన వలయం లోపల, అంచుకు బాగా ఇవతల చూపించింది. ఈ రోజు, అక్టోబరు 17, పద్నాలుగో సిట్టింగు అయింది.

ఖర్చు సంగతి. ఆసుపత్రి మొత్తం బిల్లు, మందుతో కలిపి 5,84,000. జన్యు పరీక్షలకు విడిగా 21,500. ఇన్సూరెన్సు వాళ్లు 4,12,000 ఇచ్చారు. మిగిలిన దానిలో పెద్ద భాగం ఆ సీసా ధరే. అది చికిత్స కాదు, ప్రయోగం అని మొదట తిరస్కరించారు. యూరప్‌లో 2007లో, అమెరికాలో 2017లో అనుమతి పొందిన మందని సర్జన్ ఉత్తరం రాసి ఇచ్చారు. మొన్న వాళ్ల నుంచి రెండో ఉత్తరం వచ్చింది: మందు నిజంగా రోగికి ఇచ్చినట్టు, అది పనిచేసినట్టు ఆధారం పంపమని. ఆసుపత్రి వాళ్లు వీడియోలోంచి ఒక ఫొటో తీసి పంపారు, ఆ వేలిగోరంత ముక్క ఉన్న ఫొటోయే. దాన్ని ప్రింటు తీయించడానికి మా వారు ఇప్పుడే బజారుకు వెళ్లారు. నలుపు తెలుపులో తీస్తే అందులో ఏమీ కనిపించదు, పేజీకి ఇరవై అయినా సరే రంగులోనే తీయించమని చెప్పి పంపాను.